రెండే జవాబులు ఎందుకు?

పదో తరగతి విద్యార్థులందరికీ తెలిసిన లెక్క ఇది: య² − 5య + 6 = 0. కారణాంకాలుగా విడదీస్తే (య − 2)(య − 3) = 0. కాబట్టి య = 2 లేదా 3. మార్కులు చేతికొచ్చినట్లే!

ఒకనాడు నేనీ లెక్కను నల్లబల్ల మీద చేస్తుంటే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ 'కాబట్టి' ఎలా వచ్చింది?" అని అడిగింది.

"రెండు సంఖ్యల లబ్ధం సున్న అయితే, వాటిలో ఒకటైనా సున్న కావాలి కదమ్మా!" అన్నాను.

"ఎప్పుడూ అంతేనా మాస్టారూ?"

"అంతే, కూర్చో" అనబోయి ఆగాను. గోడ గడియారం కనబడింది.

గడియారంలో 9 గంటలకు 5 గంటలు కలిపితే 14 కాదు, 2 అవుతుంది. 12 వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటికి వస్తాం. అంటే అక్కడ 12 అన్నా, 0 అన్నా ఒకటే. మరి 3ను 4తో గుణిస్తే? 12, అంటే సున్న! 3 సున్న కాదు, 4 సున్న కాదు. అయినా లబ్ధం సున్న.

ఇప్పుడు మన సమీకరణాన్ని గడియారం లెక్కలో చేసి చూద్దాం. 2, 3 ఎలాగూ సరిపోతాయి. య = 6 అనుకోండి. 4 × 3 = 12, అంటే సున్న. య = 11 అయితే 9 × 8 = 72. సరిగ్గా ఆరు చుట్లు, మళ్ళీ సున్న! చూశారా, జవాబులు నాలుగు!

అదే ఏడు రోజుల వారం లెక్కలో చేస్తే జవాబులు రెండే. ఎందుకంటే 7 ప్రధాన సంఖ్య. 1 నుంచి 6 వరకు ఉన్న ఏ రెండు సంఖ్యలను గుణించినా 7తో భాగింపబడదు.

ఇలాంటి శేషాల లెక్కలను జర్మన్ గణితవేత్త గౌస్ 1801లో తన గ్రంథంలో క్రమబద్ధం చేశాడు. కూడిక, తీసివేత, గుణకారం మామూలు సూత్రాల ప్రకారం సాగే ఇలాంటి వ్యవస్థలను 'వలయాలు' అంటారు. సున్న తప్ప దేనితోనైనా భాగించడం కూడా వీలైతే అది 'క్షేత్రం'. క్షేత్రంలో మన 'కాబట్టి' ఎన్నడూ తప్పదు. 1921లో ఎమ్మీ నోథర్ అనే మహిళ వలయాల మీద రాసిన వ్యాసం ఆధునిక బీజగణితానికి పునాదిరాళ్ళలో ఒకటి.

దీనివల్ల ప్రయోజనమేమిటంటారా? అంగడిలో డబ్బు చెల్లించే క్యూఆర్ కోడ్‌ను చూడండి. కొంచెం చిరిగినా, మరకపడినా ఫోను దాన్ని చదవగలదు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతి పోయిన భాగాన్ని లెక్కకట్టి తెస్తుంది. దానికి 256 గుర్తులున్న క్షేత్రం కావాలి. 256 గంటల గడియారం పనికిరాదు. అందులో 16 × 16 సున్న అయిపోతుంది! ఆ చిక్కు రాకుండా గుణించే మార్గాన్ని ఫ్రెంచి యువకుడు గాల్వా 1830లోనే చూపించాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై దాటలేదు.

ఒక చిన్న 'కాబట్టి' మనల్ని ఇంతదూరం తీసుకొచ్చింది. ఈసారి లెక్క చేసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా "ఎందుకు?" అని అడగండి.

మరి ఈ ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోండి: 8 గంటల గడియారంలో య² = 1 అనే సమీకరణానికి ఎన్ని జవాబులు?