ఉప్పునీటి తొట్టెకు కొల్లేటి చదువు

సముద్రపు చేపల్ని ఇంట్లో పెంచడం మహానగరాల విలాసమని చాలామంది అనుకుంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఆ మాట అంతగా అతకదు. మొదట లాగేది రంగులే అయినా, ఆ ఇష్టాన్ని ఏళ్ల తరబడి నిలిపేది నీటిమీది ఆసక్తి. నీటి లెక్క కొల్లేటి చుట్టుపక్కల చెరువు రైతుకు కొత్త కాదు. మేత ఎక్కువైతే అమ్మోనియా పెరుగుతుందనీ, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందనీ అతనికి తెలుసు. తొట్టెలోనూ అంతే. బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మార్పు స్థిరపడేదాకా కొన్ని వారాలు ఆగలేనివాడి సరదా మొదటి నెలలోనే ముగుస్తుంది. 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే మహిళ పగడపు జీవుల్ని బతికించుకోవడానికి పనిమనిషి చేత నీటిని పదేపదే ఎత్తి పోయించేది. మన ఏరియేటర్ చేసే పనీ అదే!

కొల్లేరు మంచినీటి సరస్సు కదా, సముద్రంతో ఏం పని అనవచ్చు. ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతూనే ఉంది. వేసవిలో ఆ దారినే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. వనామీ రొయ్యల్ని సాగుచేసేవారికి ఉప్పుశాతం కొలవడం మామూలే. తేడా ఒక్కటే: రొయ్య కొన్ని నెలల్లో పట్టుబడికి వస్తుంది, తొట్టెలో క్లౌన్ చేప పదేళ్లకు పైగా బతకగలదు. అన్నాళ్లూ లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పును నిలపాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది కాబట్టి, తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి.

పగడపు దిబ్బల్ని దోచే సరదా అన్న ఆక్షేపణ మాత్రం బలమైనది. చేపల చెరువులు కొల్లేటినే మింగబోతే 2006లో వాటి గట్లు తెగ్గొట్టాల్సి వచ్చిన ప్రాంతం ఇది, ఆ మాటను ఇక్కడ కొట్టిపారేయలేం. పగడాలకు మన వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీలో క్లౌన్ చేపల్ని పుట్టించింది కూడా. కొనేవారు అలాంటి పిల్లల్నే అడగాలి.