గోష్వారాలో పేరు ఎవరిది?

మా క్యాసంబళ్ళి వైపు పాత లెక్కలు చూచినవారికి చిట్టా, ఆవర్జా, గోష్వారా అనే మూడు మాటలు కొత్త కావు. ఏ రోజు వరవు ఖర్చు ఆ రోజు వ్రాసుకొనేది చిట్టా. దానిని మనిషివారీగా, పద్దువారీగా సర్ది ఎక్కించేది ఆవర్జా. అంతా కూడి, మొత్తాలు మాత్రం చూపేది గోష్వారా. శానభోగులు తరతరాలుగా లెక్కలు వ్రాసిన కాలంలో యీ మూడింటి నడుమ హద్దు ఎక్కడ వున్నదో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. 1961 నాటి చట్టంతో ఆ వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు పోయినవి. లెక్కలు సర్కారు జీతం తీసుకొనే వుద్యోగుల చేతికి, ఆ తరువాత కంప్యూటరుకు వచ్చినవి. హద్దు మాత్రం ఎక్కడిది అక్కడనే వున్నది. దానిని మరచి నేను చేసిన తప్పు ఒకటి చదువరుల ముందు పెడుతున్నాను.

2017 లో నేను ఒక చిన్న పరపతి సంఘంలో గుమాస్తాగా వుంటిని. దాని పేరు ఇక్కడ అవసరం లేదు, తప్పు నాది. ఏ వీధిలో ఎంత బాకీ నిలిచి వున్నదో ఒక జాబితా తీసి గోడకు అంటించమని పైవారు చెప్పినారు. కంప్యూటరు పని చూచే కుర్రవాడు క్షణంలో తీసి చూపినాడు. వీధి పేరు, దాని ఎదురుగా మొత్తం. అంతే. నా కంటికి అది బోడిగా కనిపించింది. “ఏమప్పా, మెంబరు పేరు కూడా వేస్తే నిండుగా వుంటుంది గదా” అన్నాను.

వాడు పేరు చేర్చి మళ్ళీ అడిగినాడు. కంప్యూటరు ఇవ్వనన్నది. ఎర్రక్షరాలతో ఏదో వ్రాసింది. “ఇది కొత్తదన్నా, వుత్త చాదస్తం. పాతదాంట్లో ఇట్లా అడిగితే నోరెత్తకుండా ఇచ్చేది” అంటూ వాడు లోపల ఏదో ఒక అమరిక తీసివేసినాడు. జాబితా వచ్చింది. నిండుగానే వున్నది. నేనే జిగురు పూసి అంటించినాను.

మూడవనాడు గుడివీధి నుండి ఒక అవ్వ వచ్చింది. చదువు రాదు, మనుమడు చదివి చెప్పినాడట. “నాయనా, గుడివీధి అని వ్రాసి, నా పేరు వ్రాసి, పక్కన పద్దెనిమిది వేల ఆర్నూట నలభై అని వేసినారంటనే. ఇంత దుడ్డు నేనెప్పుడు తీసుకొంటిని?” అన్నది. అంటూనే కొంగుముడి విప్పి ఆరు వేలు బల్ల మీద పెట్టింది. చెవుల కమ్మలు కుదువ పెట్టి తెచ్చిన సొమ్ము. తక్కినది రెండు నెలల్లో కడతానని, గోడ మీది కాగితం మాత్రం తీసివేయమని అడిగింది.

ఆవర్జా తీసి చూచినాను. గుడివీధిలో బాకీదారులు నలుగురు. ఒకరిది రూ. 5,600, ఒకరిది రూ. 7,350, ఒకరిది రూ. 5,270. అవ్వ బాకీ రూ. 420. కూడితే సరిగ్గా రూ. 18,640. మొత్తం సరి, వీధి సరి, పేరు కూడా ఆ వీధి పేరే. ఒక్కొక్కటి నిజమే గాని, మూడింటిని ఒక వరుసలో నిలబెట్టేసరికి అబద్ధమైంది. ఆ అబద్ధం మూడు రోజులు నలుగురూ నడిచే గోడ మీద వున్నది.

నా తమ్ముని కొడుకు బెంగుళూరులో కంప్యూటరు కంపెనీలో పని చేస్తాడు. 2001 ఫిబ్రవరి 28 న బంగారు గనులు మూతపడిన తరువాత మన ఇండ్ల పిల్లలు ఎందరో తెల్లవారే రైలెక్కి ఆ వూరి దారి పట్టినవారే. వాడికి సంగతి చెపితే, “పెద్దనాయనా, మిషను మిమ్మల్ని కాపాడవచ్చింది. మీరే దాని నోరు మూసినారు” అన్నాడు. వాడు చెప్పినదానిలో నాకు తెలిసిన మేరకు ఇక్కడ వ్రాస్తాను.

కంప్యూటరులో లెక్కలు పట్టికలుగా దాచివుంటవి. ఈ పద్ధతిని ఐ.బి.ఎం. కంపెనీలో పని చేసిన ఎడ్గార్ కాడ్ అనే ఆయన 1970 లో ఒక వ్యాసంలో ప్రకటించినాడు. ఆ పట్టికలను ప్రశ్న అడుగుటకు ఒక భాషను అదే కంపెనీవారైన డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ 1974 లో బయటపెట్టినారు. దానినే ఇప్పుడు ఎస్. క్యూ. ఎల్. అంటారు. అందులో ‘సెలెక్ట్’ అని ఏమేమి కావలెనో, ‘ఫ్రమ్’ అని ఏ పట్టికలో నుండియో, ‘గ్రూప్ బై’ అని దేనివారీగానో చెప్పవలె.

ఈ ‘గ్రూప్ బై’ మనకు పరాయిది కాదు. వీధివారీ, గ్రామవారీ, ఖాతావారీ అంటాము గదా, ఆ ‘వారీ’యే అది. వీధివారీ అన్నామంటే వీధికి ఒక్క వరుసే వస్తుంది. ఆ వరుసలో నిలబడుటకు రెండింటికే హక్కున్నది. ఒకటి, దేనివారీగా అడిగినామో అది, అనగా వీధి. రెండు, ఆ వీధి వారందరి నుండి లెక్కకట్టి తీసినది: మొత్తం, సగటు, ఎందరున్నారు, అందరిలో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత. మెంబరు పేరు యీ రెండింటిలో దేనికీ చెందదు. నాలుగు పేర్లున్నవి, చోటు ఒక్కటే వున్నది. ఏ పేరు వేయవలెనో ప్రశ్నలోనే లేదు.

అందుకే నిక్కచ్చిగా వుండే కంప్యూటరు ఆ ప్రశ్నను త్రిప్పి పంపుతుంది. ఎప్పుడు పంపుతుందో అది గమనించవలసిన సంగతి. మనము కౌంటరులో అర్జీ ఇస్తే మంచి గుమాస్తా ఏమి చేస్తాడు? మొదట వాక్యం తిన్నగా వున్నదా అని చదువుతాడు. తరువాత అందులో చెప్పిన పుస్తకము, పద్దు మన ఆఫీసులో వున్నవా అని చూస్తాడు. ఆ తరువాత అడిగినది అర్థవంతమేనా అని చూస్తాడు. ఇవన్నీ కుదిరితేనే బీరువా తాళం తీస్తాడు. కంప్యూటరు కూడా అంతే. మొదట వాక్యాన్ని విడదీసి వ్యాకరణం చూస్తుంది. దీనినే పార్సింగ్ అంటారు. వెంటనే అర్థం చూస్తుంది. ‘వారీ’ పరీక్ష జరిగేది ఆ అర్థం చూచేచోటనే. అప్పటికి ఒక్క మెంబరు పద్దు కూడా చదివివుండదు.

నాకు నమ్మకం కలగవలెనని మా వాడు ఒక్క పద్దు కూడా లేని ఖాళీ పట్టిక చేసి అదే ప్రశ్న అడిగినాడు. అప్పుడూ ఒప్పుకోలేదు. “లెక్కలే లేవు గదా, తప్పెక్కడిది?” అని నేనడిగితే, “తప్పు లెక్కలో లేదు పెద్దనాయనా, ప్రశ్నలో వున్నది” అన్నాడు. ఆలోచిస్తే న్యాయమే. గుడివీధిలో ఈ వేళ ఒక్కరే బాకీదారు వుంటే ఆ పేరు వేసినా సరిపోవును. రేపు ఇంకొకరు చేరితే అదే ప్రశ్న అబద్ధం చెప్పును. ఎవరు చేరినా ఎవరు పోయినా ప్రశ్న నిలబడవలెనంటే, లెక్క విప్పకముందే దానిని పరీక్షించవలె.

ఈ విషయంలో అందరూ ఒక్క తీరుగా లేరు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అనేవి ఇట్టి ప్రశ్నను ఒప్పవు. మై ఎస్. క్యూ. ఎల్. చాలకాలం మొదటి అమరికలో ఒప్పుకొంటూ, ఆ గుంపులో చేతికి దొరికిన పేరును వేస్తూ వచ్చింది. 2015 లో వాడుకకు వచ్చిన 5.7 తరములో పరీక్షను మొదటి నుండే అమలులో పెట్టినారు. అయితే దానిని ఆపుకొనే వీలును కూడా వుంచినారు. పాత ప్రశ్నలు ఆగిపోతున్నవని దానిని ఆపుకొన్నవారు కలరు. మా కుర్రవాడు చేసినది కూడా అదే. మన చేతి ఫోనులలో లెక్కలు దాచే ఎస్. క్యూ. లైట్ మాత్రం ఇప్పటికీ ఇట్టి ప్రశ్నకు జవాబిస్తుంది.

దీనికి ఒక మినహాయింపు వున్నది, న్యాయమైనదే. మెంబరు నంబరువారీగా అడిగితే పక్కన పేరు వేయవచ్చును, ఒక నంబరుకు ఒకే పేరు గనుక. పోస్ట్‌గ్రెస్ 2011 నుండి ఆ సంగతి గ్రహించి ఒప్పుకొంటున్నది. ఆ నంబరు ఆ పట్టికకు మూలగుర్తు అని మనము ముందే చెప్పి వుండవలె, అంతే. కాని ఒక నంబరుకు ఒకే పేరు అన్నది నిజం కావలె గదా. మన జిల్లాలో పహణీలు ‘భూమి’ పథకం క్రింద కంప్యూటరుకెక్కి రెండు దశాబ్దాలు దాటినది. వాటిలో ఒకే సర్వే నంబరు క్రింద అన్నదమ్ముల పేర్లు నాలుగైదు వుండుట మనమెరిగినదే. జంటి ఖాతా వున్న ఇండ్లవారికి, నలుగురి భూమి మొత్తం వేసి ఒక్కరి పేరు వ్రాస్తే ఎంత రచ్చ అవుతుందో నేను చెప్పవలసిన పని లేదు.

మరి కంప్యూటరు ఒప్పుకోనప్పుడు ఏమి చేయవలె? పేరు తీసివేస్తే అది గోష్వారా. వీధితోబాటు మెంబరువారీగా కూడా అడిగితే నాలుగు వరుసలు వస్తవి, అది ఆవర్జా. రెండూ నిజమే. ఏది కావలెనో అడిగేవాడు తేల్చుకోవలె. మూడవ దారి ఒకటి వున్నది, అది దొడ్డిదారి. ‘అందరిలో పెద్దది’ అని అర్థమిచ్చే ‘మ్యాక్స్’ను పేరుకు తగిలిస్తే పరీక్ష దాటిపోతుంది. అప్పుడు వచ్చేది అక్షరక్రమంలో చివరి పేరు. కంప్యూటరు నోరు మూతపడుతుంది గాని అబద్ధం తప్పదు. మా గుడివీధిలో అట్లా చేసివుంటే అవ్వకు బదులు ఇంకొకరు కమ్మలు కుదువ పెట్టేవారు.

ఆ దినము నేను కాగితం చింపి, అవ్వ ఆరు వేలు ఆమెకే ఇచ్చి, వెంట వెళ్ళి కమ్మలు విడిపించినాను. మూడు రోజుల వడ్డీ నేనే కట్టినాను. రూ. 420 మాత్రం ఆమె అక్కడనే లెక్కపెట్టి ఇచ్చి రసీదు అడిగి తీసుకొన్నది. మరునాడు అదే గోడ మీద, జాబితా తప్పు, గుడివీధి మొత్తం నలుగురిదీ అని నా చేతివ్రాతతో అంటించినాను. మొదటి కాగితం చదివినవారందరూ రెండవది చదివినారో లేదో మాత్రం చెప్పలేను.

మన ఇండ్లలో వుత్సవాల చందా జాబితాలు, పెండ్లి చదివింపుల లెక్కలు, సంఘం బాకీలు ఇప్పుడు పిల్లలు కంప్యూటరులోనే తీస్తున్నారు. జాబితా చేతికి రాగానే ఒక్క వరుస మీద వ్రేలు పెట్టి, “యీ వరుస ఎవరిది? వీధిదా, మనిషిదా?” అని అడగండి. వీధిదైతే అందులో మనిషి పేరుకు చోటు లేదు. కంప్యూటరు ఒప్పుకోనంటే దానిని తిట్టకండి. ఎవరి పేరు వ్రాయమంటారో మనము చెప్పలేదని అది అంటున్నది.