ట్రంకు పెట్టెలో పది పుస్తకాలు

సొంత గ్రంథాలయం అనగానే గోడ పొడవునా అద్దాల బీరువాలు గుర్తుకొస్తాయి. మన ఇళ్లలో చాలావాటికి బీరువా లేదు, బీరువా ఆనించే గోడా లేదు. కానీ హాస్టల్లో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. బట్టలు, దుప్పటి, కంచం, గ్లాసు పోగా అందులో ఒక మూల జానెడు చోటు మిగులుతుంది. ఆ చోటులో పది పుస్తకాలు పడతాయి. మన గ్రంథాలయాన్ని అక్కడే మొదలుపెట్టుకోవచ్చునని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పదలచుకున్నాము.

సొంతంగా ఎందుకు?

హాస్టల్లో గ్రంథాలయం ఉంది, ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది, మళ్లీ కొనడమెందుకని అడగవచ్చు. పాఠ్యపుస్తకం పరీక్షలు కాగానే కింది తరగతి వారికి పోతుంది. గ్రంథాలయం పుస్తకం పదిహేను రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. వేసవి సెలవులకు ఇంటికి వెళితే రెండు నెలల పాటు చేతిలో అచ్చు కాగితం ఉండదు. కూలిపనికి వెళ్లి వచ్చాక కాసేపు చదువుకుందామన్నా ఏమీ దొరకదు. సెలవుల తర్వాత తిరిగి రాకుండా చదువు ఆపేసినవారు ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. అలాంటివారి ఇంట్లో ఒక్క మంచి పుస్తకం ఉన్నా చదువుతో సంబంధం పూర్తిగా తెగిపోదు. మనలో చాలామంది ఇళ్లలోకి వచ్చే మొదటి పుస్తకం మనం పట్టుకెళ్లేదే. దాన్ని చెల్లి చదువుతుంది, రాత్రి పూట అమ్మకు, నాయనకు మనం చదివి వినిపిస్తాము.

అంబేద్కర్ గారు 1913లో బరోడా సంస్థానం వేతనంతో న్యూయార్కు వెళ్లి చదువుకుంటూ, అక్కడి పాత పుస్తకాల దుకాణాల్లో ఎన్నో పుస్తకాలు కొన్నారు. 1917లో స్వదేశం వస్తూ సామానుతో విడిగా పంపిన పుస్తకాలు యుద్ధంలో ఓడ మునిగి సముద్రం పాలయ్యాయి. ఆయన మళ్లీ కొనడం మొదలుపెట్టారు. బొంబాయి దాదరులో కట్టుకున్న ‘రాజగృహ’లో పుస్తకాలకే పెద్దపీట వేశారు.

మా పది పుస్తకాలు

పూర్వ విద్యార్థులం కొందరం కూర్చుని, మళ్లీ మళ్లీ చదివిన పుస్తకాలను లెక్క వేశాము. పరీక్షల్లో మార్కులు తెచ్చేవి కావు, మనిషిని నిలబెట్టేవి మాత్రమే తీసుకున్నాము.

మొదటిది జాషువా ‘గబ్బిలం’ (1941). కాళిదాసు మేఘంతో సందేశం పంపించాడు. జాషువా కథానాయకుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి మొర పంపాడు. కారణం తెలిస్తే గుండె చివుక్కుమంటుంది. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అతడు వెళ్లలేడు. పద్యం అంటే భయపడేవారు పైకి చదవండి. రెండు మూడు రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

రెండవది ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922). జైలులో ఉండి రాసిన నవల, ఆనాటి ప్రభుత్వం నిషేధించిన నవల. మూడవది జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000). ఈ రెండింటినీ వెంట వెంటనే చదవమని మా సలహా. మొదటిది మన వాడల మీద ప్రేమతో బయటినుంచి వచ్చిన పెద్దమనిషి రాసినది. రెండవది లోపలి నుంచి వచ్చిన గొంతు. అందులో ఎల్లన్న పాట కడతాడు, వీధినాటకం ఆడతాడు. మన తాత ముత్తాతలకు అక్షరం లేకపోయినా కళ ఉందని, చరిత్ర ఉందని ఆ నవల గుర్తు చేస్తుంది. రెండు పుస్తకాల్లో మనుషులు ఎక్కడ తలవంచారు, ఎక్కడ ఎదురు నిలిచారు అని పోల్చి చూస్తే సాహిత్యం ఎలా చదవాలో దానంతటదే తెలుస్తుంది.

నాలుగవది వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’. ముందు ఇంగ్లీషులో 2011లో వచ్చింది. ఊరు విడిచి రైల్వేలో చిన్న పనిలో చేరిన కుటుంబం, పిల్లల చదువు కోసం ఎన్ని పాట్లు పడిందో ఇందులో ఉంది. ఆ పిల్లల్లో ఒకరు ప్రొఫెసరై ఈ పుస్తకం రాశారు. పదవ తరగతి తర్వాత ఏం చేయాలో తోచనివారు ముందు దీన్ని చదవండి.

ఐదవది గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ (2003). 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసిన సాహిత్యం ఒకేచోట దొరుకుతుంది. ఆడపిల్లల హాస్టళ్లలో తప్పక ఉండాలి. మగపిల్లలు చదవవలసిన అవసరం ఇంకా ఎక్కువ.

ఆరవది అంబేద్కర్ ‘కుల నిర్మూలన’. 1936లో లాహోరు సభ కోసం రాసిన ఉపన్యాసమిది. నిర్వాహకులు కొన్ని భాగాలు మార్చమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది. ఆయన దాన్ని సొంతంగా అచ్చు వేయించారు. చిన్న పుస్తకమే కాని తొందరపడకూడదు. రోజుకు రెండు పేజీలు చదివి, పక్కవారితో వాదించుకోవాలి.

ఏడవది అలెక్స్ హేలీ ‘ఏడు తరాలు’, సహవాసి తెలుగు చేశారు. ఆఫ్రికాలోని జుఫూరె పల్లె నుంచి బానిసగా అమెరికాకు తరలించబడిన కుంటా కింటే పేరును అతని సంతతి తరతరాలుగా నోటి మాటగా కాపాడుకుంది. ఇది చదివాక సెలవుల్లో మీ నానమ్మను, అమ్మమ్మను అడిగి మీ కుటుంబం పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎన్ని తరాలు దొరుకుతాయో చూడండి.

ఎనిమిదవది డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పంది కోసం రాత్రివేళ అడవిలోకి వెళ్లిన ముసలివాని కథ. ఒక్క పూటలో చదివేయవచ్చు. నవల చదవడం అలవాటు లేనివారు దీనితోనే మొదలుపెట్టాలి.

తొమ్మిదవది ‘రైలుబడి’. తెత్సుకో కురొయనాగి అనే జపాను రచయిత్రి తన బడి గురించి రాసింది. అల్లరి చేస్తోందని మొదటి బడి వెళ్లగొట్టిన పిల్లను, పాత రైలు పెట్టెల్లో నడిచే బడి ఎలా అక్కున చేర్చుకున్నదో చదివితే నవ్వు వస్తుంది, కళ్లు చెమరుస్తాయి. టీచరు కావాలనుకునేవారు దీన్ని వదలకూడదు.

పదవది కథ కాదు. డేవిడ్ వెర్నర్ రాసిన ‘వైద్యుడు లేని చోట’. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఎలా పట్టాలో, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలో బొమ్మలతో చెబుతుంది. మందుల పేర్లు, మోతాదులు మాత్రం పుస్తకం చూసి సొంతంగా వాడకండి, ఆశా కార్యకర్తను గాని డాక్టరును గాని అడగండి. ఇంట్లో ఈ పుస్తకం ఉంటే ఇరుగుపొరుగు వారు కూడా వచ్చి అడుగుతారు.

కొనడం, కాపాడుకోవడం

పదీ ఒకేసారి కొనాలని లేదు. ఏడాదికి రెండు కొన్నా ఆరవ తరగతిలో చేరినవారు పది పాసయ్యేసరికి పెట్టె నిండుతుంది. సబ్బులకు, క్షవరానికి ఇచ్చే కాస్మెటిక్ చార్జీలను మాత్రం ముట్టకండి. ఆటల పోటీల బహుమతి డబ్బు, బంధువులు చేతిలో పెట్టిన పండుగ డబ్బు చాలు. ముగ్గురు కలిసి మూడు వేర్వేరు పుస్తకాలు కొని మార్చుకుంటే ఒక దాని ఖర్చుతో మూడు చదవవచ్చు. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవకగా దొరుకుతాయి. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లో తగ్గింపు ఇస్తారు. వార్షికోత్సవ బహుమతులుగా స్టీలు గ్లాసులకు బదులు పుస్తకాలు ఇప్పించమని వార్డెన్ గారిని అడగండి. పూర్వ విద్యార్థులకు కూడా మా మనవి అదే. హాస్టల్ చూడటానికి వచ్చేటప్పుడు పళ్లతో పాటు ఒక పుస్తకం తీసుకురండి.

కొన్న రోజే పాత న్యూస్‌పేపరుతో అట్ట వేయండి. మొదటి పేజీలో పేరు, ఊరు, కొన్న తేదీ రాయండి. ఎండిన వేపాకులు పెట్టెలో వేస్తే పురుగు పట్టదు. వానాకాలం పెట్టెను నేల మీద కాక ఇటుకల మీద ఉంచండి. అడిగినవారికి పుస్తకం తప్పక ఇవ్వండి, ఇచ్చిన తేదీ మాత్రం రాసి పెట్టుకోండి.

మా పట్టికే చివరిదని కాదు. మీకు నచ్చిన పదకొండవ పుస్తకం పేరు హాస్టల్ నోటీసు బోర్డు మీద రాయండి. దాన్ని చూసి ఇంకొకరు కొనుక్కుంటారు.