ఉప్పు బ్యాటరీకి మంటలు రావా?

సోడియం-అయాన్ బ్యాటరీలు ఉప్పుతో చేసేవి కాబట్టి వాటికి మంటలు రావని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. అది పూర్తిగా నిజం కాదు. ఉప్పులోని సోడియం లిథియం కన్నా చవకే. కానీ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లు అటూ ఇటూ తిరగడానికి ఒక ద్రవం ఉంటుంది. అదే ఎలక్ట్రోలైట్. సాధారణంగా సేంద్రియ కార్బొనేట్ ద్రావణిలో సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగించి దీన్ని తయారుచేస్తారు. ఆ ద్రావణి మండుతుంది. లవణమేమో ఖరీదైనది, పైగా తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషపదార్థం పుడుతుంది.

మరి నీళ్లే వాడొచ్చు కదా పిల్లలూ? వాడొచ్చు. నీళ్లు కాలవు, చవక కూడా. చిక్కల్లా ఒకటే: సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు దాటితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. పదో తరగతిలో నీటి విద్యుద్విశ్లేషణ చేసినవాళ్లు ఆ బుడగలు చూసే ఉంటారు. మనకు కావలసిన సెల్ ఏమో సుమారు 3 వోల్టులది! అందుకే నీళ్లలో సోడియం పర్‌క్లోరేట్ వంటి లవణాన్ని పాకంలా చిక్కగా కలిపి చూస్తున్నారు. అప్పుడు నీటి అణువులు చాలావరకు అయాన్లనే అంటిపెట్టుకుంటాయి, తేలిగ్గా విడిపోవు. అయితే అంత లవణం పోస్తే చవకదనం కాస్తా తగ్గిపోతుంది.

మంటను అణిచే ఫాస్ఫేట్ ద్రావణుల మీదా పరిశోధన జరుగుతోంది. ఈలోగా, సోడియం బ్యాటరీ అయినా సరే, బండి ఛార్జింగ్ పడకగదిలోనూ గుమ్మానికి అడ్డంగానూ పెట్టకండి.