పిడుదు పట్టాక చూడాల్సింది క్యాలెండర్

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఎండలు ముదిరే వేళకు రెండు రాకలు ఒకేసారి జరుగుతాయి. పిల్లల దగ్గర నాలుగు నెలలు గడుపుదామని తెలుగు అమ్మానాన్నలు విమానాలు దిగుతారు. రాలిన ఆకుల కింద, గడ్డి మొదళ్లలో ఉన్న పిల్ల పిడుదులు ఆకలితో పైకొస్తాయి. న్యూజెర్సీ, కనెక్టికట్, పెన్సిల్వేనియా లాంటి చోట్ల పెరట్లో గోంగూర, బీరపాదులు వేసుకునేవాళ్లకూ, పార్కుల్లో వనభోజనాలకు వెళ్లేవాళ్లకూ ఒంటిమీద పిడుదు కనిపించగానే గుర్తొచ్చేది లైమ్ వ్యాధి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం ఆ దేశంలో ఏటా దాదాపు 4,76,000 మందికి లైమ్ అని నిర్ధారించి మందులిస్తున్నారు. అయితే భయంలో చాలామంది చేసే రెండు పనులూ పొరపాటే: ఆ మర్నాడే రక్తపరీక్షకు పరిగెత్తడం, ఎందుకైనా మంచిదని వారాల తరబడి యాంటీబయాటిక్ మింగడం. ఈ జబ్బు విషయంలో మొదటి నెల నిర్ణయాలను ల్యాబ్ రిపోర్టు తేల్చలేదు. 36 గంటలు, 72 గంటలు, 30 రోజులు అనే మూడు లెక్కలు తేలుస్తాయి.

అసలు ఈ జబ్బు బయటపడిందే మామూలు మనుషుల కంటిచూపు వల్ల. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్లో, దాని చుట్టుపక్కల, ఒకే వీధి పిల్లలకు మోకాళ్లు వాస్తుంటే తల్లులు అనుమానపడి 1975లో ఆరోగ్య శాఖకు చెప్పారు. పిల్లలకు అరుదుగా వచ్చే కీళ్లవాతం అన్ని ఇళ్లలో ఒకేసారి ఎలా వస్తుందన్నది వాళ్ల ప్రశ్న. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెన్ స్టీర్ బృందం వెళ్లి చూస్తే, కొందరికి కీళ్లు వాచడానికి కొన్ని వారాల ముందు ఒంటిమీద ఎర్రటి మచ్చ వచ్చి పెద్దదైందని తెలిసింది. కారకమైన బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల పేగుల్లో గుర్తించింది 1981లో. దానికి ఆయన పేరే పెట్టి బొరీలియా బర్గ్‌డార్ఫరై అన్నారు. సూక్ష్మజీవి దొరక్క ముందే మచ్చ, తేదీ, ఊరు అనే మూడు ఆధారాలతో జబ్బును పోల్చుకోగలిగారు. ఇవాళ డాక్టరు ముందు మీరు పెట్టాల్సిన ఆధారాలూ అవే.

మొదటి లెక్క 36 గంటలు. పిడుదు గుడ్డు లోంచి వచ్చినప్పుడు దానిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. అడవి చిట్టెలుకల రక్తం తాగినప్పుడు ఎక్కుతుంది. తర్వాత అది పిడుదు పేగులో నిద్రాణంగా ఉంటుంది. పిడుదు మనిషిని పట్టి, వెచ్చటి రక్తం లోపలికి చేరడం మొదలయ్యాకే బ్యాక్టీరియా మేల్కొని, పెరిగి, లాలాజల గ్రంథులదాకా ప్రయాణించి మన ఒంట్లోకి దిగుతుంది. దీనికి మామూలుగా ఒక రోజుకు పైగానే పడుతుంది. అందుకే 24 గంటల్లోపు తీసేసిన పిడుదు వల్ల లైమ్ సోకే అవకాశం బాగా తక్కువ. బట్టల మీద పాకుతున్న పిడుదు, చర్మాన్ని పట్టకుండానే దులిపేసిన పిడుదు లెక్కలోకే రావు. ఇంకో సంగతి: అమెరికాలో పిడుదులన్నీ లైమ్‌ను మోయవు. తూర్పున నల్లకాళ్ల పిడుదు, పశ్చిమ తీరంలో దాని దగ్గరి చుట్టమే మోస్తాయి. వీపున తెల్ల చుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు, కుక్కలకు పట్టే పెద్ద పిడుదు లైమ్ తేవు. చిక్కల్లా నల్లకాళ్ల పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉండటంతోనే. పట్టినా నొప్పి ఉండదు, చూసినా పుట్టుమచ్చ అనుకుంటాం.

కనిపించిన పిడుదును తీసే పనిని క్లినిక్ తెరిచేదాకా వాయిదా వేయకూడదు. సన్నటి మొన ఉన్న పట్టకారుతో, పొట్ట దగ్గర కాకుండా చర్మానికి ఆనుకుని ఉన్న తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, కుదుపు లేకుండా నిటారుగా పైకి లాగాలి. మన ఇళ్లలో కిరోసిన్ చుక్క వేయడం, అగ్గిపుల్ల చూపించడం అలవాటు. అక్కడివాళ్లకు వాజలీన్, గోళ్ల రంగు పూయడం అలవాటు. ఏదీ చేయకూడదు. దానంతట అది వదిలేదాకా కాచుక్కూర్చోవడం వల్ల పోయేది సమయమే. పైగా చికాకుపడ్డ పిడుదు తన పేగులోని ద్రవాన్ని గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే సూదితో కెలకొద్దు. అది జబ్బును అంటించదు, చర్మం మానేటప్పుడు దానంతటదే బయటికొస్తుంది. సబ్బుతో కడిగి స్పిరిట్ రాస్తే చాలు. తర్వాత చేయాల్సింది చాలామంది మరిచిపోయే పని. పిడుదును ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి, దాన్ని ఒక టేపు ముక్కకు అంటించి, తేదీ, ఊరు, ఒంటిమీద పట్టిన చోటు రాసి పెట్టాలి. పల్చగా ఉందా, రక్తం తాగి ఉబ్బి బూడిదరంగుకు తిరిగిందా అన్నది చూస్తే అది ఎంతసేపు పట్టి ఉందో డాక్టరు అంచనా కడతారు.

రెండో లెక్క 72 గంటలు. పిడుదును తీసిన మూడు రోజుల్లోపు డాక్సీసైక్లిన్ ఒకే ఒక్క డోసు, పెద్దవాళ్లకైతే 200 మిల్లీగ్రాములు, వేసుకుంటే లైమ్‌ను చాలావరకు ఆపొచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో లైమ్ విపరీతంగా ఉండే చోట జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మాత్ర వేసుకున్న 235 మందిలో ఒక్కరికే పిడుదు పట్టిన చోట లైమ్ మచ్చ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 247 మందిలో ఎనిమిది మందికి వచ్చింది. ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చదవాలి. మాత్ర పనిచేస్తుందన్నది ఒక వైపు. ఏ మందూ వేసుకోకపోయినా, అంత లైమ్ ఉన్న చోట కూడా, వందలో 97 మందికి లైమ్ రాలేదన్నది రెండో వైపు. అందుకే ఈ డోసును అందరికీ ఇవ్వరు. పట్టింది నల్లకాళ్ల పిడుదే అయి, కనీసం 36 గంటలు పట్టి ఉండి, లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతమై, 72 గంటలు దాటకపోతేనే ఇస్తారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ అసలు పనికిరాదన్న పాత మాట ఇప్పుడు లేదు. బరువును బట్టి కొద్ది కాలం ఇవ్వొచ్చని అమెరికా పిల్లల వైద్యులు అంటున్నారు. గర్భిణుల సంగతి మాత్రం డాక్టరే తేల్చాలి.

ఒక్క డోసు మంచిదైతే మూడు వారాల కోర్సు ఇంకా మంచిది కాదా అని అడగొచ్చు. కాదు. లక్షణాలేవీ లేనప్పుడు పూర్తి కోర్సు వాడమని ప్రధాన వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్పడం లేదు. సోకనే సోకని వందలో 97 మందికి అది కడుపులో మంట, వాంతులు, ఎండకు చర్మం కందడం లాంటి బాధలే మిగులుస్తుంది. ఒకవేళ లైమ్ వచ్చినా, మచ్చ దశలోనే పట్టుకుంటే పది రోజుల డాక్సీసైక్లిన్‌తోనో, రెండు వారాల అమాక్సిసిలిన్‌తోనో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. తొందరగా పట్టుకోగల, మందుకు లొంగే జబ్బుకు ముందే ఒంటిని శిక్షించడంలో అర్థం లేదు.

మూడో లెక్క 30 రోజులు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. లైమ్ మచ్చ పిడుదు పట్టిన 3 నుంచి 30 రోజుల మధ్య, ఎక్కువగా వారం దాటుతుండగా వస్తుంది. లైమ్ సోకినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి కనిపిస్తుంది. పట్టిన మర్నాడే వచ్చి, దురద పెట్టి, రెండు రోజుల్లో తగ్గే చిన్న ఎర్రటి దద్దురు లైమ్ కాదు. అది ఏ పురుగు కరిచినా వచ్చేదే. లైమ్ మచ్చ రోజురోజుకూ పెరుగుతుంది, అయిదు సెంటీమీటర్లు దాటుతుంది, నొప్పి, దురద అంతగా ఉండవు. పుస్తకాల్లో చూపించే వలయాల బొమ్మ కోసం ఎదురుచూస్తే మోసపోతాం. అమెరికాలో చాలా మచ్చలు లోపల వలయం లేకుండా ఒకే రంగులో ఉంటాయి. పైగా ఆ ఫొటోలన్నీ తెల్ల చర్మం మీదివి. మన చామనఛాయ చర్మం మీద అది ఎర్రగా కాక కమిలిన దెబ్బలా, ముదురు మరకలా కనిపించొచ్చు. అందుకే రంగును కాదు, పెరుగుదలను చూడాలి. మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, మర్నాడు మచ్చ గీత దాటిందేమో చూడటం తేలికైన ఉపాయం. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవి వెనక, తలకట్టు, లంగా బొందు, పైజామా నాడా కట్టుకునే చోటు వెతకాలి. వీపు తమంతట తాము చూసుకోలేని పెద్దవాళ్లకు ఇంట్లో ఇంకొకరు చూసిపెట్టాలి.

ఇంత కాపలా కాసే బదులు ఒక రక్తపరీక్షతో తేల్చేసుకోవచ్చుగా అన్నది అందరూ వేసే ప్రశ్న. లైమ్ పరీక్ష బ్యాక్టీరియాను వెతకదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. అవి తయారు కావడానికి వారాలు పడుతుంది. మచ్చ వచ్చిన కొత్తలో చేసిన పరీక్ష, నిజంగా లైమ్ ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి లేదనే చెబుతుంది. ఆ కాగితం చూసి నిశ్చింతగా ఉంటే అసలు ప్రమాదం అక్కడే. ఎప్పుడో సోకి తగ్గిపోయినవాళ్లకు ఏళ్ల తర్వాత కూడా అదే పరీక్ష ఉందని చెప్పొచ్చు. పిడుదునే ల్యాబ్‌కు పంపి పరీక్షించే ప్రైవేటు సేవలున్నాయి గానీ, పిడుదులో బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన మనిషికి సోకినట్టు కాదు. మూడు అమెరికన్ వైద్య సంఘాలు కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండూ వద్దన్నాయి. లైమ్ ఉన్న ప్రాంతంలో సరైన మచ్చ కనిపిస్తే పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టమన్నాయి. వారాలు గడిచాక మోకాలు వాచినా, మూతి ఒక పక్కకు లాగినా, గుండె లయ తప్పి కళ్లు తిరిగినా అప్పుడు రక్తపరీక్ష నిజంగా పనికొస్తుంది.

ఈ వాదనలో బలహీనత లేకపోలేదు. నూటికి ఇరవై ముప్ఫై మందికి మచ్చే కనిపించదు, చాలామందికి పిడుదు పట్టిన సంగతే తెలియదు. కాబట్టి వేసవిలో దగ్గు, జలుబు లేకుండా జ్వరం, ఒళ్లునొప్పులు, నిస్త్రాణ వస్తే, గడ్డిలో తిరిగామన్న మాట డాక్టరు అడక్కపోయినా చెప్పాలి. జ్వరం వస్తే 30 రోజుల కాపలా అక్కడితో ముగిసినట్టే, అదే రోజు డాక్టరును కలవాలి. ఎందుకంటే పిడుదులు తెచ్చే జబ్బు లైమ్ ఒక్కటే కాదు. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే మరో జబ్బుకు అయిదు రోజుల్లోపు డాక్సీసైక్లిన్ పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ పరీక్ష ఫలితం కోసం ఆగరు, అనుమానం మీదే మందిస్తారు. ఇక మందు వాడినా నెలల తరబడి నీరసం, నొప్పులు వదలనివాళ్లు నూటికి అయిదు నుంచి పది మంది ఉంటారు. వాళ్ల బాధ నిజం. కానీ దానికి నెలలపాటు యాంటీబయాటిక్ వాడటం మందు కాదని అమెరికాలోనూ, 2016లో నెదర్లాండ్స్‌లోనూ వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. నరానికి పైపు పెట్టి దీర్ఘకాలం మందు ఎక్కించుకున్న కొందరికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకి ప్రాణం పోయిందని సీడీసీ 2017లో హెచ్చరించింది.

తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అమెరికాలో పిడుదు పట్టిన పెద్దాయనకు మచ్చ గుంటూరులోనో, కరీంనగర్‌లోనో దిగాక రావొచ్చు. మన డాక్టరుకు లైమ్ తట్టదు, తట్టనక్కర్లేదు కూడా. ఇక్కడ కుక్కలకు పట్టే పిడుదులు, పశువులకు పట్టే గోమార్లు వేరే జాతులవి. భారతదేశంలో లైమ్ అక్కడక్కడ ఒకటీ అరా నమోదు కావడమే తప్ప వ్యాపించి లేదు. కనుక ప్రయాణం సంగతి, పిడుదు ఫొటో, తేదీ డాక్టరు ముందు పెట్టాల్సింది మనమే. దేశం దాటనివాళ్లు మాత్రం పెంపుడు కుక్క పిడుదు పట్టిందని లైమ్ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. మన దగ్గర భయపడాల్సింది తోటల్లో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు తెచ్చే స్క్రబ్ టైఫస్‌కు. తగ్గని జ్వరంతో పాటు ఒంటిమీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉంటే వెంటనే చూపించాలి. దానికీ డాక్సీసైక్లినే మందు, అక్కడా చర్మాన్ని వెతికిన డాక్టరే ముందు పట్టుకుంటారు.

అసలు పిడుదు పట్టకుండా చూసుకోవడం పెద్దగా ఖర్చులేని పని. నిండు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు, చర్మానికి డీట్ ఉన్న దోమల మందు, బట్టలకు పెర్మెత్రిన్ సరిపోతాయి. పెరటి పని ముగిశాక రెండు గంటల్లోపు స్నానం చేయాలి, బట్టల్ని పది నిమిషాలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పాలి. అయినా పట్టిందా, వెంటనే తీసేయండి, తేదీ రాసుకోండి, మూడు రోజుల్లోపు డాక్టరును ఒక్క డోసు అవసరమా అని అడగండి, నెల రోజులు రోజూ ఒళ్లు చూసుకోండి. రక్తపరీక్ష రాయమని డాక్టరును ఒత్తిడి చేయకండి.