సెల్లుకు చెక్క చొక్కా!

చేతిపని అంటున్నారు సరే... ఏ చేయి? ఏ చెట్టు?
కొనేముందు ఈ రెండు ప్రశ్నలూ అడగండి

బెంగళూరు: చేతిలో సెల్లు లేని మనిషి కనిపించడం కష్టం. కవరు లేని సెల్లు కనిపించడం ఇంకా కష్టం. మెజెస్టిక్ నేషనల్ మార్కెట్ మొదలు మారతహళ్లి ఫుట్‌పాత్ దాకా ఎటు చూసినా ప్లాస్టిక్ కవర్లే. తెల్లగా ఉన్నది ఏడాది తిరిగేసరికి పసుపు పచ్చగా మారుతుంది, అంచులు సాగిపోతాయి, చివరకు చెత్తబుట్టలో పడుతుంది. దాంతో విసిగినవాళ్ల చూపు చెక్క కవరు మీద పడుతుంది. ‘చేత్తో చేసింది’ అని అట్ట మీద రాసి ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదనిపిస్తుంది. అమెరికా వెళ్లే అబ్బాయికో, కొత్త ఉద్యోగంలో చేరిన అమ్మాయికో బహుమతిగా ఇచ్చేందుకూ బాగుంటుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ చెక్క ఏ చెట్టుది? దాన్ని మలిచింది మనిషా, మిషనా? ఈ సంగతి తేల్చుకోకుండా కొంటే డబ్బు ఇచ్చినవాడికీ సుఖం ఉండదు, ఉలి పట్టినవాడికీ కూలి అందదు. సరిహద్దుకు ఇటువైపు ఉన్న మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. అదేమిటో కింద చూద్దాం.

సెల్లు ఒక ఊరు... కవరు ఒక ఊరు

ఫోన్ల తయారీ ఇప్పుడు మన గడపలోకే వచ్చింది. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లాలో, నరసాపుర పారిశ్రామిక వాడలో 2020లో విస్ట్రాన్ కంపెనీ ఐఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలు అక్కడ పనికి వెళుతున్నారు.

సెల్లుకు చెక్కను జోడించడం కూడా కొత్తేమీ కాదు. మోటోరోలా 2013లోనే తన మోటో ఎక్స్ ఫోన్‌కు వెదురు వీపు పెట్టింది. 2014లో వన్‌ప్లస్ వాళ్లు తమ మొదటి ఫోన్‌కు వెదురు కవరు తెచ్చారు. అవన్నీ ఫ్యాక్టరీలో వేల లెక్కన తయారైనవి. బెంగళూరులో మనకున్న అదృష్టం వేరు. తరతరాలుగా చెక్కనే నమ్ముకున్న రెండు ఊళ్లు మైసూరు రోడ్డు మీదే ఉన్నాయి. ఒకటి చన్నపట్న, రెండోది మైసూరు.

చన్నపట్న చేతికి గుండ్రందే అలవాటు

‘చెక్క పని’ అనగానే బెంగళూరువాళ్ల నోట మొదట వచ్చే పేరు చన్నపట్న. నగరానికి సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి బొమ్మలకు 2005-06లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. టిప్పు సుల్తాన్ కాలంలో పర్షియా పనివాళ్లు వచ్చి నేర్పారని చెప్పుకుంటారు.

అక్కడ వాడే కర్రను కన్నడంలో ‘ఆలె మర’ అంటారు. ఈ చెట్టు మనకు కొత్తది కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర కూడా ఇదే! తెల్లగా, మెత్తగా, నున్నగా ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్లు రెండు, భాషలు రెండు, చెట్టు మాత్రం ఒకటే.

పని తీరూ ఇంచుమించు ఒకటే. ఆరిన కర్ర ముక్కను లేత్ యంత్రానికి బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి ఆకారం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పడతారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. లేత్ మీద తిరిగేది ఏదైనా గుండ్రంగానే తయారవుతుంది. బొంగరం, గిలక్కాయ, గాజు, కుంకుమ భరిణె ఇలా. మరి సెల్‌ఫోన్ పలక లాంటిది కదా! పలకను లేత్ మీద తిప్పి లక్క పట్టించడం కుదరదు. కాబట్టి ఎవరైనా ‘అసలైన చన్నపట్న ఫోన్ కవరు’ అని చేతిలో పెడితే, ‘లేత్ మీద చేసిన భాగం ఏది?’ అని అడగండి. రంగు వేసిన పలక మాత్రమే అయితే అది చన్నపట్నలో తయారైంది కావచ్చు గానీ, ఆ ఊరికి పేరు తెచ్చిన పని మాత్రం అందులో లేనట్టే.

చన్నపట్న పనివాళ్లకు నాలుగు రూపాయలు చేరాలన్నది మీ కోరిక అయితే, కవరు కన్నా ఫోన్ నిలబెట్టే స్టాండు కొనడం మేలు. గుండ్రటి దిమ్మె మీద ఒక గాడి చాలు. అది వాళ్ల చేతికి అలవాటైన పని. పైగా ఫోన్ మోడల్ మారినా స్టాండు మారదు.

పలక పనికి మైసూరు పొదుగు

మరి కవరే కావాలంటే? అప్పుడు మైసూరు వైపు చూడాలి. అక్కడిది పొదుగు పని. నల్లమచ్చ రోజ్‌వుడ్ పలకను తొలిచి, రకరకాల రంగుల చెక్క ముక్కలను అందులో ఇమిడ్చి బొమ్మ కడతారు. పసుపు కావాలంటే పనస, తెలుపు కావాలంటే తెల్లటి కర్ర... ఇలా రంగంతా చెట్టు ఇచ్చిందే. ఒకప్పుడు ఏనుగు దంతం పొదిగేవారు. దంతం వ్యాపారం నిషేధించాక ఆ పద్ధతి పోయింది. దీనికీ 2005-06 ప్రాంతంలోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ కళ పుట్టిందే పలక మీద. తలుపులు, పెట్టెలు, గోడకు తగిలించే పటాలు అన్నీ చదును పనులే. అందుకే ఫోన్ వీపుకు ఇది సరిగ్గా సరిపోతుంది. అసలుదో కాదో తెలుసుకోవడం కూడా సులువే. బొమ్మ అంచు మీద గోటితో మెల్లగా గీయండి. రెండు కర్రలు కలిసిన చోట సన్నటి అతుకు తెలుస్తుంది. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతుంటే, వెలుతురులో పట్టి చూడండి. ఒక్కో ముక్కలో చారలు ఒక్కో దిక్కుకు పోతుంటే పొదిగిందే. బొమ్మంతా ఒకే చార మీద ఉంటే అది అచ్చు వేసింది.

యంత్రం ఎంత... చేయి ఎంత?

నిజం చెప్పుకోవాలి. నేటి ఫోన్ కవరును మొదటి నుంచి చివరిదాకా చేత్తో చేయడం దాదాపు అయ్యే పని కాదు. కెమెరా రంధ్రం అర మిల్లీమీటరు అటూఇటూ అయినా కవరు పనికిరాదు. అందుకని పలక కోత కంప్యూటర్ చెప్పినట్టు నడిచే సీఎన్‌సీ మిషన్ మీద జరుగుతుంది. పీణ్య లాంటి చోట ఆ మిషన్లకు కొదవ లేదు. ఆ తర్వాత అంచులు నునుపు చేయడం, పొదగడం, చెక్కడం, నూనె పట్టించడం చేతిపని. ఇందులో తప్పేమీ లేదు. మిషన్ చేసినదాన్ని కూడా చేతిపని లెక్కలో కట్టి ధర చెబితేనే తప్పు.

పనివాడి కష్టం ఇంకోటి ఉంది. బొంగరం వందేళ్లయినా బొంగరమే. ఫోన్ అలా కాదు. ఏడాదికో కొత్త మోడల్, కెమెరా ఒకసారి మూలకు, ఒకసారి మధ్యకు. వంద కవర్లు చేసి పెట్టుకుంటే, మోడల్ మారిన మరుసటి నెల నుంచి అవి పొయ్యిలోకే. అందుకే మంచి పనివాళ్లు ముందే చేసి పెట్టుకోరు. మోడల్ పేరు చెబితే, కొంత అడ్వాన్సు తీసుకుని చేస్తారు. ‘పది రోజులు పడుతుంది సార్’ అంటే విసుక్కోకండి. ఆ మాటే నమ్మకానికి గుర్తు.

ఉలితో చెక్కిన బొమ్మకూ, లేజర్‌తో కాల్చిన బొమ్మకూ తేడా పట్టుకోవచ్చు. లేజర్ గీత అంతటా ఒకే లోతులో ఉంటుంది, అంచున సన్నగా మాడిన రంగు కనిపిస్తుంది. ఉలి గీత ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన ఉంటుంది.

ఎర్రచందనం అన్నారా... ఆగండి!

ముందు చెప్పిన జాగ్రత్త ఇదే. ‘అన్నా, ఒరిజినల్ రెడ్ శాండర్స్. మీ ఊరి కర్రే. మీకు కాబట్టి తక్కువకు ఇస్తా’ అని ఎవరైనా చెవిలో చెబితే ఆ కవరు పక్కన పెట్టేయండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల్లోనే. కడప, చిత్తూరు అడవుల నుంచి దొంగదారిన కర్ణాటకలోకి వచ్చిన దుంగలు పట్టుబడిన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు! 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు వాళ్లు. అరచేతిలో పట్టే కవరు వెనుక అంత కథ ఉండొచ్చు.

ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం, సైటీస్ రెండో జాబితాలో ఉంది. అడవి నుంచి కొట్టిన కర్రను విదేశాలకు పంపడానికి వీల్లేదు. అటవీ శాఖ వేలంలోనో, పట్టా భూమి నుంచి అనుమతితోనో వచ్చిన కర్ర అయితే కాగితం ఉండి తీరాలి. కాగితం లేదంటే కొనవద్దు. విమానాశ్రయంలో సంచి తెరిచినప్పుడు ‘గిఫ్ట్ సార్’ అంటే కుదరదు.

రోజ్‌వుడ్ సంగతి కొంత నయం. ఆ జాతి చెట్లన్నింటినీ 2017లో సైటీస్ జాబితాలో చేర్చినా, 2019లో సడలింపు ఇచ్చారు. తయారైన వస్తువుల్లో ఆ కర్ర బరువు ఒక్కో సరుకులో పది కిలోల లోపు ఉంటే పర్మిట్ అక్కర్లేదు. ఫోన్ కవరు తులాల లెక్కే కదా! అయినా బిల్లు మాత్రం దగ్గర ఉంచుకోండి. కర్ణాటక ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే కావేరి ఎంపోరియం లాంటి చోట కొంటే ఆ చింత ఉండదు.

ఏ కర్రో తేల్చుకోవాల్సినంత పెద్ద కొనుగోలు అయితే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కేంద్ర ప్రభుత్వ కాష్ఠ విజ్ఞాన సంస్థ ఉంది. కర్ర ముక్కను పరీక్షించి జాతి చెప్పే నిపుణులు అక్కడ ఉంటారు. ఒక్క కవరు కోసం అంత దూరం అక్కర్లేదు. మామిడి, పనస, టేకు, వెదురు చాలు. శ్రీనివాసపుర వైపు మామిడి తోటలకు లోటా!

ఫోన్‌కు పనికొస్తుందా?

అందం సరే, కింద పడితే ఫోన్ బతకాలి కదా. కర్ర ఎప్పుడూ చార వెంటే చీలుతుంది. మొత్తం చెక్కతోనే చేసిన కవరులో కెమెరా పక్కన ఉండే సన్నటి పట్టీ ముందు విరుగుతుంది. కాబట్టి చుట్టూ రబ్బరు లాంటి మెత్తటి అంచు, వీపున మాత్రం చెక్క ఉన్న రకం మేలు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలికే గానీ మరీ మెత్తన. జేబులో తాళంచెవి తగిలినా నొక్కు పడుతుంది.

ఎండిన చెక్క సిగ్నల్‌కు అడ్డురాదు. వైర్‌లెస్ చార్జింగ్ వాడేవాళ్లు మాత్రం పల్చటిది చూసుకోవాలి. చెక్క మందం పెరిగేకొద్దీ చార్జింగ్ నెమ్మదిస్తుంది. ఇత్తడి తీగ పొదిగింది అసలే వద్దు, లోహం వేడెక్కుతుంది. చెక్క వేడిని త్వరగా బయటకు పంపదు కాబట్టి, చార్జింగ్‌లో ఫోన్ కాలుతుంటే కవరు తీసేయండి.

ఇంకో మాట. కరోనా తర్వాత శానిటైజర్‌తో ఫోన్ తుడిచే అలవాటు చాలామందికి వచ్చింది. లక్క పూసిన చెక్కకు అది విషమే. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది, మెరుపు పోయి మరకలు పడతాయి. పొడి గుడ్డతో తుడవండి. నూనె పట్టించిన చెక్క అయితే అప్పుడప్పుడు కాస్త తేనెమైనం రుద్దితే చాలు.

కొనేముందు ఇవి చూడండి

* ‘ఇదు యావ మర?’ అని అడగండి. చెట్టు పేరు చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఆ పేరు బిల్లు మీద రాయించుకోండి.

* ‘కైయల్లి మాడిద్దు యావుదు?’ అంటే చేత్తో చేసింది ఏదని అడగండి. ‘అంతా చేత్తోనే’ అనేవాడి కన్నా, ‘కోత మిషన్‌ది, పొదుగు మాది’ అనేవాడిని నమ్మండి.

* వీపు మీది చార అంచు దాకా సాగి, పక్కకు తిరిగినచోట కూడా కొనసాగుతోందా చూడండి. అంచులో తెల్లగానో నల్లగానో ప్లాస్టిక్ కనిపిస్తే పైన ఉన్నది పల్చటి పొరో, కాగితమో.

* రెండు కవర్లు పక్కపక్కన పెట్టండి. చారలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది చెట్టు గీసింది కాదు.

* ఫోన్ వెంట తీసుకెళ్లండి. బిగించి, బటన్లు నొక్కి, కెమెరా తెరిచి ఫొటోలో అంచు నీడ పడుతోందేమో చూడండి.

* ఎర్రచందనం, శ్రీగంధం అంటే కాగితం చూడకుండా చేయి పెట్టవద్దు.

బేరం ఆడటం మన హక్కే. కాదనలేం. కానీ బేరం మిషన్ కోత మీద ఆడండి, చేతి పొదుగు మీద కాదు. రెండేళ్లకో ఫోన్ మారుస్తాం. ఆ పొదుగు నేర్చుకోవడానికి పనివాడికి పట్టింది అంతకన్నా చాలా ఎక్కువ కాలం.