తిరిగే దీపాలకు ఏ ఎల్ఈడీ, ఏ బ్యాటరీ?

వరుసగా అమర్చిన ఎల్ఈడీలను గిరగిరా తిప్పుతూ, తగిన క్షణాల్లో వెలిగించి ఆర్పితే గాలిలో అక్షరాలు కనిపించడానికి కారణం, కంటిపై పడిన వెలుగు ముద్ర క్షణకాలం చెరగకుండా ఉండడమే. దీనినే దృష్టి స్థిరత అంటారు. వేడెక్కడానికీ చల్లారడానికీ సమయం తీసుకునే ఫిలమెంటు బల్బు ఈ పనికి కొరగాదు.

సెకనుకు 20 చుట్లు తిరిగే 10 సెంటీమీటర్ల పుల్ల కొసన ఉన్న 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ, తన వెడల్పంత దూరాన్ని సెకనులో సుమారు 2,500వ వంతులోనే దాటిపోతుంది కనుక, బల్లమీద మిరుమిట్లు గొలిపిన దీపమే తిరిగేటప్పుడు వెలవెలబోతుంది. అందుకే ఎక్కువ కాంతినిచ్చే రకాన్ని ఎంచుకోవాలి.

ఎరుపు ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలగా, నీలం, తెలుపు రకాలకు 3 వోల్టులో, అంతకు కాస్త ఎక్కువో కావాలి. మూడు 1.5 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా కలిపి, ఎరుపు ఎల్ఈడీని 20 మిల్లీయాంపియర్లకు మించకుండా వెలిగించాలంటే, మిగిలిన 2.5 వోల్టులను భరించడానికి ప్రవాహాన్ని అదుపుచేసే నిరోధకం 125 ఓములకు తగ్గకూడదు. సులభంగా దొరికే 150 ఓములది నిక్షేపంగా సరిపోతుంది.

బిళ్ల బ్యాటరీ బరువు 3 గ్రాములే అయినా, దాని అంతర్నిరోధం ఎక్కువ కావడంతో నాలుగైదు దీపాలకే నీరసిస్తుంది. పైగా అదే వేగంతో తిరిగే పుల్ల కొసన దానిని అమర్చితే, దాదాపు అర కిలో బరువును మోసేంత బలంతో పట్టి ఉంచవలసి వస్తుంది. కనుక ఏ బ్యాటరీనైనా ఇరుసుకు ఆనించి గట్టిగా బిగించి, రెండు వైపులా బరువు సమంగా ఉండేలా సరిచూసిన తరువాతే మోటారును తిప్పాలి.